ఇన్‌ఛార్జి మొగుడు

నేను ఎక్కువ మాట్లాడను. చదివింది మూడో తరగతి. శాసనసభలో అటెండరుగా చేరిన రోజు దఫేదారు నాకు ఒకే ఒక్క నిబంధన చెప్పాడు. "సభలోపల నోరు తెరవకూడదు. తుమ్మొస్తే బయటికి పో." ముప్పై నాలుగేళ్లు నీళ్ల గ్లాసులు అందించాను. తుమ్ములన్నీ బయటే తుమ్మాను. లోపల మాట్లాడేవాళ్లు ఎలాగూ చాలామంది ఉన్నారు.

ఏ రాష్ట్రం అని అడక్కండి. అడిగినా చెప్పను.

ఆ ఏడు సభలో మూడో వంతు స్థానాలు ఆడవాళ్లకు కేటాయించారు. యాభై ఎనిమిది మంది గెలిచారు. ప్రమాణ స్వీకారం రోజు గేటు దగ్గర తలకాయలు లెక్కపెడితే నూట పదిహేను తేలాయి.

"మీరెవరండీ?" అని జవాను ఒక పెద్దమనిషిని అడిగాడు.

"ఎమ్మెల్యేని."

"మరి పక్కనున్న ఈవిడో?"

"మా ఆవిడ. గెలిచింది ఆవిడే. ఎమ్మెల్యేని నేను."

జవాను నా వంక చూశాడు. నేను గ్లాసుల వంక చూశాను.

మొదట్లో ఆ యాభై ఏడుగురు మొగుళ్లనూ వరండాలో కూర్చోబెట్టారు. లోపల ఏం జరుగుతోందో చూడ్డానికి టీవీ పెట్టారు. వాళ్లు టీవీ చూస్తూ చీటీలు రాసి లోపలికి పంపేవాళ్లు. "లే." "కూర్చో." "బల్ల చరువు." "ఇప్పుడు కోపంగా చూడు." ఆ చీటీలు మోసేవాణ్ని నేనే. ఒకరోజు ప్రతిపక్షంవాళ్ల చీటీ పొరపాటున అధికార పక్షం ఆవిడ చేతికి ఇచ్చాను. ఇద్దరిదీ ఒకటే చిలకపచ్చ చీర. చీటీలో "అందరితో కలిసి బయటికి నడువు" అని ఉంది. ఆవిడ లేచింది. ఆవిడ లేచిందని వెనక పద్దెనిమిది మంది లేచారు. ప్రభుత్వం పదకొండు నిమిషాలు పడిపోయినట్టే అయి, వాళ్లు టీ తాగి వచ్చాక మళ్లీ నిలబడింది.

ఇలా కుదరదని ఒక సంఘం వేశారు. దాని పేరు "సభ్యురాళ్ల సహధర్మచారుల స్థానమాన నిర్ణాయక సంఘం". అందులో పదకొండు మంది ఉన్నారు. అందరూ మగవాళ్లే. ఆడవాళ్ల విషయం కదా, వాళ్లను ఇబ్బంది పెట్టడం దేనికని.

నివేదిక రాసింది సభ కార్యదర్శి శేషావతారం గారు. ఆయన మాట్లాడితే ప్రభుత్వ ఉత్తర్వు నోరు తెరిచినట్టుంటుంది. ఇంట్లో కూర ఉప్పగా ఉంటే "పునఃపరిశీలనార్హము" అంటారని వాళ్ల డ్రైవరు చెప్పాడు. నివేదిక ఆయనే చదివి వినిపించారు.

"సభ్యురాలు భర్తను అడిగి, భర్త చెప్పగా విని, విన్నదానిని సభకు నివేదించుటలో విలువైన కాలము వృథా అగుచున్నది. కావున ఇకపై భర్తయే నేరుగా మాట్లాడవలెను. వారు అనుబంధ సభ్యులుగా పిలువబడుదురు. సభ్యురాలి గౌరవమునకు ఎట్టి భంగమును వాటిల్లకుండుటకై ఆమె అతని ముందు కూర్చుండును."

సభ చప్పట్లు కొట్టింది. ఆడవాళ్లు కూడా కొట్టారు. ఆ రోజు చీటీలు నేనే మోశాను.

ఆడవాళ్ల కుర్చీల వెనక వరసగా మొగుళ్ల కుర్చీలు వేశారు. వారం తిరక్కుండా కొత్త చిక్కొచ్చింది. ముందున్న కొప్పులు అడ్డమొచ్చి, వెనకున్న మొగుళ్ల ముఖాలు టీవీలో కనపడ్డం లేదు. ముందు వరస కుర్చీల కాళ్లు నాలుగు వేళ్లు కోయమని శేషావతారం గారు రాశారు. వడ్రంగి వచ్చి కోశాడు. కొందరు మొగుళ్లు పొట్టి. ఇంకో నాలుగు వేళ్లు కోశాడు. మూడోసారి కోసేసరికి కుర్చీలు పీటలయ్యాయి. రాష్ట్రాన్ని ఏలే యాభై ఎనిమిది మంది ఆడవాళ్లు అన్నప్రాశన పిల్లల్లా నేల మీదికి వచ్చేశారు. బల్లలు మాత్రం కోయలేదు. అవి ప్రభుత్వ ఆస్తి అట.

ఇక యాభై ఎనిమిదో ఆవిడ సంగతి.

ఆవిడ పేరు అసిరమ్మ. జీడిపిక్కల షెడ్డులో పిక్కలు కొట్టే మనిషి. జీడి రసానికి వేళ్లన్నీ నల్లబడి ఉంటాయి. నిజానికి అక్కడ నిలబడాల్సింది ఆ ఊరి పెదబాబు గారి భార్య. పెదబాబు గారు ఇరవై ఏళ్లుగా ఇంట్లో కాగితాలన్నిటి మీదా ఆయనే సంతకం పెడుతున్నారు. అలవాటు కొద్దీ భార్య నామినేషన్ మీద కూడా తన పేరే రాసి సంతకం గిలికేశారు. అధికారి తిరగ్గొట్టాడు. ఎందుకైనా మంచిదని పక్కన ఉత్తుత్తిగా వేయించిన అసిరమ్మ కాగితం మీద మాత్రం అసిరమ్మ సంతకమే ఉంది. అది నిలిచింది. ఆవిడ గెలిచింది.

పెదబాబు గారు ఆవిడ దగ్గరికెళ్లి, "నీ వెనక కుర్చీలో నేను కూర్చుంటానే" అన్నారట.

"అది మొగుడి కుర్చీ అంట బావూ," అందట అసిరమ్మ. "ముందు మీ ఆవిడ్నడిగి రండి."

ఆయన మళ్లీ రాలేదు.

అసిరమ్మ మొదటిసారి కార్యదర్శి గదికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. కుర్చీ చూపిస్తే అంచున కూర్చుంది.

"నాకొక్క పెశ్ని ఉన్నాది బావూ. ఒక్కటే. మా గెడ్డ మీద వంతెన కావాల. వర్సాలొస్తే మా ఆడోళ్లం గేది తోక పట్టుకొని గెడ్డ దాటి షెడ్డుకెల్తాం. ఈతొచ్చిన గేది ఊరికంతటికీ అదొక్కటే. అదిప్పుడు ముసిల్దైపోనాది. కిందటేడు నడిమధ్యకెళ్లి ఆగిపోనాది. మేం ఆరుగురం దాని తోకట్టుకొని నీల్లలో గంటసేపు నించున్నాం."

శేషావతారం గారు కలం తీశారు. "గేదె వయస్సు?"

"పద్నాలుగేల్లు."

"గేదె పశుసంవర్ధక శాఖ పరిధిలోనిది. గెడ్డ నీటిపారుదల శాఖది. వంతెన దారుల శాఖది. తోక విషయమై స్పష్టత లేదు." రాసుకుని తల ఎత్తారు. "అది అటుంచుడు. మీకు భర్త లేరు."

"లేడు. పోయి పద్దెనిమిదేల్లయినాది."

"మరి ప్రశ్న ఎవరు వేయుదురు?"

"నానే."

ఆయన చిన్నపిల్లను చూసినట్టు చూశారు. "అమ్మా, సభ్యురాలు మాట్లాడుటకు నిబంధనలలో అవకాశము లేదు. ఇంకొక మాట. ఈ సమావేశములు ముగియులోగా సభలో ప్రస్తావనకు రాని వంతెనల దస్త్రములు శాశ్వతముగా మూసివేయబడును. ఇంకను పన్నెండు దినములు కలవు."

అసిరమ్మ నల్లటి వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "పన్నెండ్రోజుల్లో మొగుణ్నెక్కడ తెమ్మంతారు బావూ? గేదినైతే సంతలో తెద్దును."

ఫైలు న్యాయశాఖకు వెళ్లింది. నాలుగు రోజుల తరవాత అభిప్రాయం వచ్చింది. భర్త చనిపోయారే గాని భర్త స్థానం రద్దు కాలేదు. ఖాళీగా మాత్రమే ఉంది. తహసీల్దారు లేనప్పుడు డిప్యూటీ తహసీల్దారు చూసుకోవడం లేదా? అలాగే ఈ స్థానానికి కూడా ఒక ఇన్‌ఛార్జిని వేయవచ్చు. ఇన్‌ఛార్జి మగవాడై ఉండాలి. ప్రభుత్వోద్యోగి అయి ఉండాలి. ఎవరూ ఏమీ అనుకోలేని వయసు ఉండాలి.

ఆ ఫైలు సచివాలయంలో పద్దెనిమిది బల్లలు తిరిగింది. ప్రతి ఒక్కరూ "గృహమునందు సంప్రదించి తెలియజేయగలను" అని రాసి పక్క బల్లకు తోశారు. ఒకాయన మర్నాడు నుదుటికి కట్టుతో వచ్చాడు. తోసుకుంటూ తోసుకుంటూ ఫైలు నా దగ్గరికి వచ్చింది. నా తరవాత బల్లలు లేవు. నాకే బల్ల లేదు.

"తవుడయ్యా, నీకేమైనా అభ్యంతరము కలదా?" అన్నారు శేషావతారం గారు.

నేనేం మాట్లాడలేదు.

"మౌనము అర్ధాంగీకారము," అని ఆయన రాసుకున్నారు. "మిగిలిన అర్ధమునకు నీ భార్య నుండి నిరభ్యంతర పత్రము తెమ్ము."

ఇంటికెళ్లేసరికి మా సూరమ్మ పెరట్లో చేపలు తోముతోంది. కాగితం ముందు పెట్టాను.

"ఏటిది?"

"ఇన్‌ఛార్జి ఏశారు."

"దేనికి?"

"మొగుడికి."

సూరమ్మ నవ్వింది. నవ్వీ నవ్వీ చేతిలో చేప జారి బూడిదలో పడింది. "ఓలమ్మో! నలబయ్యేల్లయి నా దగ్గరే ఛార్జి సరిగ్గా తీసుకోనేదు. అక్కడికెల్లి ఏటి తీసుకుంతావు?" చేప కడిగి అడిగింది. "మనిసెవరు?"

గెడ్డ సంగతి, గేదె సంగతి చెప్పాను. నాకు చాలా మాటలు ఖర్చయ్యాయి. సూరమ్మది కూడా ఆ వైపే. నవ్వు ఆపేసింది. చెయ్యి చీరకు తుడుచుకుని, బొటనవేలికి సిరా రాసుకుని ముద్ర వేసింది.

"గెడ్డంటే ఏటో నాకెరికే. ఎల్లు. మంచి పనే. బువ్వేలకి మాత్రం ఇంటికొచ్చీయాల."

అది కూడా షరతుగా ఉత్తర్వులో ఎక్కించారు.

ఉత్తర్వులో మొత్తం ఏడు అంశాలున్నాయి. బాధ్యతల అప్పగింత కాగితం వేరు. అందులో "అప్పగించువారి సంతకము" అనే చోట అసిరమ్మ మొగుడు సంతకం పెట్టాలి.

"ఆడు బతికున్నప్పుడే ఏదీ అప్పజెప్పనేదు బావూ," అంది అసిరమ్మ. చివరికి మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి, "అప్పగించువారు దీర్ఘకాలిక సెలవులో ఉన్నారు" అని రాశారు.

ఆవిడ నాకేసి తిరిగి, "నీకు శానా కష్టం పెట్టేసినాను అన్నియ్యా" అంది.

శేషావతారం గారు కలం కిందపెట్టారు. "అమ్మా! ఇన్‌ఛార్జి భర్తను అన్నయ్య అనరాదు. అన్నచో నియామకము మూలమునుండియే చెల్లదు. సభా ప్రాంగణములో అట్టి సంబోధన నిషిద్ధము."

"మరేటనాల?"

ఆయన పుస్తకాలు తిరగేశారు. ఏమనాలో ఎక్కడా లేదు. ఆ రోజు నుంచి ఆవిడ నన్ను "ఇదిగో" అనేది. నేను ఆవిణ్ని ఏమీ అనేవాణ్ని కాదు. చూసేవాళ్లకు అచ్చం మొగుడూ పెళ్లాల్లాగే ఉండేది.

మా ప్రశ్న ఆఖరి రోజుకు పడింది. దానికి ముందురోజు నాకు పన్ను నొప్పి. పీకించుకోవడానికి అరపూట సెలవు కావాలి. చీటీ పట్టుకుని అసిరమ్మ దగ్గరికెళ్లాను. ఆవిడ వరండాలో నేల మీద కూర్చుని ఉంది. పీటలు అలవాటయ్యాక ఆడవాళ్లు కుర్చీలు మానేశారు.

"నా సంతకం నీకెందుకు?"

ఉత్తర్వులో ఆరో అంశం చూపించాను. మెల్లగా కూడబలుక్కుని చదివాను కూడా. "ఇన్‌ఛార్జి వారు సభ్యురాలికి అప్పగించబడిన అటెండరు అగుటచే, వారి మనవులు, విన్నపములు సమస్తమును సభ్యురాలి ద్వారానే సమర్పించవలెను."

"అంటే నాకేటి కావాలన్నా నువ్వు సెప్పాల. నీకేటి కావాలన్నా నాను సెప్పాల."

"అవును."

"ఇది రాసినాయనకి పిల్లలున్నారా?"

"ఇద్దరు."

"పాపం," అంది. సంతకం పెట్టింది. తరవాత, "రేపు మరి నువ్వే గదా అడుగుతావు. ఓపాలి సెప్పు సూద్దాం" అంది.

"గెడ్డ మీద వంతెన ఎప్పుడేస్తారు," అన్నాను.

"అలాగ కాదు. అసలు మాటలు మింగేసినావు. నీల్లు ఇక్కడి దాకా వస్తాయి." గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. "ఒక సేత్తో తోక, ఒక సేత్తో బువ్వ కేరేజీ. అదాగిపోతే మనం మనసులో మొక్కుకోడమే. అది సెప్పు."

చెప్పలేకపోయాను.

"నువ్వెప్పుడేనా తోకట్టుకున్నావా?"

"లేదు."

"మరి నీకెలగొస్తాది," అని గెడ్డ అక్కడే ఉన్నట్టు మెట్ల కిందికి చూస్తూ కూర్చుంది.

నేను పన్ను పీకించుకోలేదు. ఇంటికెళ్లి ఆ ఉత్తర్వు మళ్లీ చదివాను. మూడో తరగతి వాడు ఏడు అంశాలు చదవాలంటే సాయంత్రం అంతా పడుతుంది. పెద్ద చదువుల వాళ్లు అంతసేపు చదవరు. అందుకే వాళ్లు రాసింది వాళ్లకు తెలియదు.

ఆఖరి రోజు సభ నిండుగా ఉంది.

"ప్రశ్న నూట పద్నాలుగు," అన్నారు సభాపతి గారు. "శ్రీమతి అసిరమ్మ గారి ఇన్‌ఛార్జి వారు."

లేచి నిలబడ్డాను. ముప్పై నాలుగేళ్లలో ఆ హాల్లో అందరూ నా వంక చూడ్డం అదే మొదలు. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది. తెరవకపోతే వంతెన పోతుంది. పన్ను సలుపుతోంది.

"ఊఁ, ప్రశ్న వేయుము," అన్నారు శేషావతారం గారు కింద నుంచి.

నేను కదిలాను. కాళ్లకు ఒక్క దారే తెలుసు. బల్ల దగ్గరికెళ్లి గ్లాసులో నీళ్లు పోశాను. సభాపతి గారి ముందు పెట్టాను. గ్లాసు కింద ఎప్పుడూ మడిచిన గుడ్డ పెడతాను. ఆ రోజు నా ఉత్తర్వు మడిచి పెట్టాను. ఆరో అంశం పైకి వచ్చేలా మడిచాను. మళ్లీ వచ్చి నా చోట నిలబడ్డాను.

సభాపతి గారు నీళ్లు తాగారు. కాగితం చదివారు. మళ్లీ నీళ్లు తాగారు.

"కార్యదర్శి గారూ, అటెండరు సభలో మాట్లాడవచ్చునా?"

"ఎంతమాత్రమూ కూడదు."

"మరి ఆయన విన్నపము?"

"సభ్యురాలి ద్వారా సమర్పించవలెను. ఆరవ అంశము."

"ఇది మీరు రాసినదేనా?"

"నేనే. అందు ఎట్టి లోపమును ఉండదు."

"ఉండదు గదా?"

"నా సర్వీసులో లేదు."

సభాపతి గారు గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు. "సభ్యురాలి తరఫున ఇన్‌ఛార్జి భర్త మాట్లాడవలెను. ఇన్‌ఛార్జి భర్త అటెండరు గనుక ఆయన తరఫున సభ్యురాలు మాట్లాడవలెను. కావున సభ్యురాలి తరఫున మాట్లాడు ఆయన తరఫున, సభ్యురాలు మాట్లాడవచ్చును."

రెండు క్షణాలు ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది వెనక వరస మొగుళ్లకి.

"అన్యాయం!" అని ఒకాయన లేచాడు. "ఇలాగైతే ఆడవాళ్లే మాట్లాడేస్తారు!"

పీటల వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

అసిరమ్మకు చెయ్యి అందించాను. ఆ పీట మీద నుంచి లేవడం తేలిక కాదు. లేచి కొంగు బిగించింది.

"సబాపతి గోరికి దండాలు. మా ఇన్‌ఛార్జాయన అడుగుతున్నాడండి. మా గెడ్డకి వంతెన ఎప్పుడేస్తారని." తరవాత గొంతు మీద చెయ్యి పెట్టి నీళ్లు ఎందాకా వస్తాయో చూపించింది. తోక గురించి, కేరేజీ గురించి, నడిమధ్య ఆగిపోయిన గేదె గురించి చెప్పింది.

దారుల మంత్రి గారు కాగితం చూసి చదివారు. "ఈ అంశము ప్రభుత్వ పరిశీలనలో ఉన్నది."

"మా ఇన్‌ఛార్జాయన ఇంకోటి అడుగుతున్నాడండి," అంది అసిరమ్మ. "మంత్రిగోరికి ఈతొచ్చా అని."

నేను అడగలేదు. అడగలేదని చెప్పాలంటే నోరు తెరవాలి.

"రాదు," అన్నారు మంత్రి గారు.

"ఐతే వర్సాలకి ఓపాలి మా ఊరు రండి బావూ. తోక కొస మీకొగ్గేస్తాం."

ఆడవాళ్లు బల్లలు చరచబోయారు. పీటల మీద నుంచి బల్లలు అందలేదు. నేల చరిచారు. యాభై ఏడు జతల చేతులు నేల చరిస్తే సభాపతి గారి గ్లాసులో నీళ్లు ఊగాయి. మంత్రి గారు ఆ గ్లాసు వంక చూస్తూ వంతెన మంజూరు చేశారు.

తరవాతి సమావేశాలకు ఒక విచిత్రం జరిగింది. మొదటి రోజే యాభై ఏడుగురు మొగుళ్ల నుంచి సెలవు చీటీలు వచ్చాయి. తమ స్థానాల్లో తవుడయ్యను ఇన్‌ఛార్జిగా వేయమని కోరారు. చీటీలు రాసింది భార్యలు. సంతకాలు మాత్రం మొగుళ్లవే. "ఇక్కడొక సంతకం పెట్టండి" అని కాఫీతో పాటు ఇచ్చారట. చదవకుండా పెట్టారట. ఆ ఇళ్లల్లో ఆ పద్ధతి పాతదే. ఇన్నాళ్లూ కాగితం అటు నుంచి ఇటు వచ్చేది, అంతే.

శేషావతారం గారు సంతకాలు సరిచూశారు. లోపం కనపడలేదు.

యాభై ఎనిమిది మందికీ నేనే ఇన్‌ఛార్జినయ్యాను. రోజంతా వెనక నిలబడేవాణ్ని, నోరు మూసుకుని. ముందు ఒకరి తరవాత ఒకరు లేచి "మా ఇన్‌ఛార్జి వారు అడుగుతున్నారు" అని ఆస్పత్రుల గురించి, బస్సుల గురించి, సారా కొట్ల గురించి అడిగేవాళ్లు. ఒకావిడ నా తరఫున మంత్రిగారిని గంటంపావు తిట్టింది. ఆ ఏడు సభలో అందరికన్నా ఎక్కువ మాట్లాడినవాడు తవుడయ్య అని రికార్డుల్లో ఉంది. ఉత్తమ వక్తగా శాలువా కూడా కప్పారు. కృతజ్ఞతలు కూడా ఆడవాళ్లే చెప్పారు.

మొన్న వర్షాలకు ముందు వంతెన ప్రారంభమంటే నేనూ సూరమ్మా వెళ్లాం. అప్పటికి నా ఉద్యోగం అయిపోయింది. ఊరంతా వంతెన మీద నడుస్తోంది. ముసలి గేదె ఒక్కటే అలవాటు కొద్దీ కింద నీళ్లలోంచి దాటుతోంది. తోక దగ్గర ఎవరూ లేరు. అది రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

అసిరమ్మ ఎదురొచ్చి నా చేతులు పట్టుకుంది. "ఇది సబ కాదు గదా," అంది. "అన్నియ్యా, బాగున్నావా? వదినా, రాయే."

సూరమ్మ ఆవిడ వేళ్లు చూసింది. ఇద్దరూ గెడ్డల గురించి మాట్లాడుకుంటూ నడిచారు. వంతెన మొదట్లో నల్లరాతి ఫలకం ఉంది. ఆ మాటలు శేషావతారం గారు రాసి పంపినవి. "శ్రీ తవుడయ్య (ఇన్‌ఛార్జి) గారి ధర్మపత్ని, గౌరవ సభ్యురాలు శ్రీమతి అసిరమ్మ గారి ప్రశ్న ఫలితముగా" అని బంగారు రంగు అక్షరాల్లో చెక్కారు.

సూరమ్మకు చదువు రాదు. రాయి దగ్గర ఆగింది. అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఏటి రాసినారిక్కడ?"

అది చదవడానికి మూడో తరగతి చాలు.

"వంతెన," అన్నాను.

"అంతేనా? ఇంత రాయికి?"

నేను ఎక్కువ మాట్లాడను.